కృపమణి రెండో సాక్ష్యం

కల్లూరు చర్చిలో ఆదివారం సాక్ష్యాల వేళ కృపమణి లేచిందంటే ఆడవాళ్ల వైపు గుసగుసలన్నీ ఆగిపోయేవి. కళ్లకు కట్టినట్టు చెప్తుంది మరి! ఆ రోజూ అంతే. మొహం ఉన్నట్టుండి ఎండుమిరపకాయలా ఎర్రబడడం, రోజుకు పదిసార్లు చెంబు పట్టుకుని పరుగెత్తడం, ముట్లుడిగే వయసులో వేడి చేసిందని అందరూ మజ్జిగ తాగించడం, ఆరేళ్లు అలా గడిచాక పెద్దాసుపత్రిలో పేగులో గడ్డ బయటపడడం, అన్నీ చెప్పింది.

"న్యూరో ఎండోక్రైన్ ట్యూమరంట. ఆ పేరుకు నోరు తిరగడానికే నాకు నెల పట్టె. కాలేయానికి కూడా పాకిండాదనిరి. అయినా నాలుగేండ్లాయె, నెలకొక సూది ఏపిచ్చుకుంటాండా, మిరప కోతకు పోతాండా. ప్రభువుకు స్తోత్రం!"

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

మగవాళ్ల వైపు కూర్చున్న ఏసేపు ఆ పేరు వినగానే ఉలిక్కిపడ్డాడు. షేర్ ఆటో నడిపే మనిషి. పెళ్లాం పోయాక ఒక్కగానొక్క కూతురు ప్రేమజ్యోతిని కంటికి రెప్పలా పెంచుకున్నాడు. ఇరవై ఆరేళ్ల పిల్ల. కడుపునొప్పి అంటే గ్యాస్ అనుకున్నారు. చిక్కి సగమయ్యాక పరీక్ష చేయిస్తే కాగితంలో ఇదే పేరు వచ్చింది. వారం కూడా ఆగకుండా కీమో మొదలుపెట్టాలని డాక్టర్లు చెప్పారు.

ప్రార్థన ముగిశాక అతను కృపమణి దగ్గరికి పరుగున వచ్చాడు. "అక్కా, మా పాపది కూడా నీ జబ్బే. నువ్వు సూదితోనే తిరుగుతాండావు కదా, మా పాపకు కీమో ఏంటికి?"

నాకు తెలియదప్పా అని ఒక్క మాట అనుంటే ఎంత బాగుండేది! అందరూ మెచ్చుకున్న వేడిలో ఉంది కృపమణి.

"ఆ మందు పిల్లను పీల్చి పిప్పి చేస్తాదప్పా. ఆ కాగితం నాకియ్యి. వచ్చే సూదికి పోయినప్పుడు మా డాక్టరమ్మకు చూపిచ్చి, పాపకూ ఇదే రాయిస్తా. అంతవరకు ఓపిక పట్టు."

ఆమె సూదికి ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి. ఆ ఇరవై ఆరు రోజులూ ఏసేపు ఓపిక పట్టాడు.

డాక్టరమ్మ కాగితం చూసి కలం పక్కన పెట్టింది. "ఈ అమ్మాయికి కీమో మొదలైందా?"

"లేదమ్మా. నా సూదే ఆ పాపకూ ఏస్తే..."

"కృపమణీ, ఇది ఒక్క జబ్బు కాదమ్మా. ఒకే ఇంటిపేరున్న వాళ్లంతా ఒకలాంటి మనుషులేనా? ఇవీ అంతే. పుట్టిన చోటు వేరు, గుణం వేరు. నీ గడ్డలో వంద కణాల్లో రెండు పెరిగే పనిలో ఉన్నాయి. ఈ పిల్ల గడ్డలో ఎనభై. నీ సూది దీన్ని ఆపలేదు. రోజులు పోగొట్టుకున్నారు."

కృపమణి సూది వేయించుకోకుండానే బయటికి పరుగెత్తి, ఏసేపుకు ఫోన్ చేసి, నడిరోడ్డు మీద నిలబడి బోరున ఏడ్చింది.

మర్నాడే పిల్లను ఆసుపత్రిలో చేర్చారు. రెండు కీమోలు అయ్యాయి. నెత్తికి చున్నీ కట్టుకుని పడుకున్న ప్రేమజ్యోతి ఒకరోజు కృపమణి చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, మనిద్దరిదీ ఒకటే జబ్బు కాదంట కదా?"

"కాదమ్మా."

"పోనీలే. అయితే నువ్వు శానా దినాలు బతుకుతావు."

మూడో కీమో దాకా పిల్ల ఆగలేదు. ఇరవై ఆరు రోజుల ముందు మొదలుపెట్టుంటే బతికేదా అని కృపమణి డాక్టరమ్మను అడిగింది. చెప్పలేనమ్మా అంది ఆమె. అవునన్నా కాదన్నా కృపమణి ఎలాగో మోసేది. ఆ చెప్పలేను అన్న మాటను ఎక్కడ దించుకోవాలో ఆమెకు తెలియలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక కృపమణి ఇల్లు కదలలేదు. ఆ రోజు మానిన సూది మళ్లీ వేయించుకోనే లేదు. మొహం మళ్లీ ఎర్రబడసాగింది, చెంబుతో పరుగులు మొదలయ్యాయి. రానీ, నాకు ఇదే కావాల అనుకుంది.

పదో రోజు పొద్దున్నే గుమ్మం ముందు ఆటో ఆగింది. ఏసేపు గడ్డం మాసి ఉంది.

"సూది తేదీ దాటిపోయి రెండు నెలలాయెనంట కదక్కా. ఎక్కు."

"ఏ మొహం పెట్టుకుని ఎక్కేదప్పా? నీ పాపను నేనే..."

"అడిగింది నేను. ఇద్దరం తెలీనోళ్లమే." అతను తువ్వాలుతో ఆటో సీటు తుడిచాడు. "నువ్వు కూడా పోతే ఆ జబ్బు సంగతి మనోళ్లకు చెప్పేదెవరు? ఎక్కక్కా."

ఆమె ఎక్కింది.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ కృపమణి లేచింది. అందరూ స్తోత్రం వినడానికి సిద్ధంగా ఉన్నారు.

"నా సూది నాదే. మీ కాగితంలో నా జబ్బు పేరే ఉన్నా నన్ను అడగద్దండి. డాక్టరును అడగండి, ఆ దినమే అడగండి. నేను తెలీక నోరు జారితిని. ఒక బిడ్డ ఇరవై ఆరు దినాలు నా మాట మీద కూర్చుండె."

అంతే చెప్పి కూర్చుంది. మగవాళ్ల వైపు నుంచి ఏసేపు ఒక్కడే, గట్టిగా, "ఆమెన్" అన్నాడు.