ఉపవాసమున్న గొర్రెలు

ఆ సోమవారం పొద్దున మోసుల్‌లోని తన ఇంటి వాకిట్లో నిలబడేసరికి ఓదీషో చేతిలో ఉన్నవి ఇవి: పాత పికప్ బండి, పదకొండు గొర్రెలు, చనిపోయిన మనిషి పేరున్న గుర్తింపు కార్డు, డెబ్బై ఆరేళ్ల మేనత్త మర్గనీతా. ఇవి కాక, మూడు రోజుల కిందట తలుపు సందులోంచి ఎవరో తోసిన కాగితం ఒకటి. క్రైస్తవులు ఊరొదిలి పోవాలని అందులో ఇచ్చిన గడువు ఆ మధ్యాహ్నంతో సరి.

పెళ్లాన్నీ ఇద్దరు పిల్లల్నీ రెండు వారాల ముందే షరఫియాకు పంపేశాడు. అల్కోష్ పక్కన, అందరూ తమలాంటి అస్సీరియన్ క్రైస్తవులే ఉండే చిన్న ఊరది. గంటన్నర దారి. మధ్యలో తుపాకులవాళ్లు ఎక్కడ కాపుకాస్తారో ఏ రోజుకారోజే తెలియాలి.

గొర్రెల్ని తీసుకుపోవడం వెనక ఓదీషోకు లెక్క ఉంది. పరుపులూ గిన్నెలూ వేసుకుపోయేవాడు పారిపోతున్నట్టు. గొర్రెల్ని వేసుకుపోయేవాడు సంతకు పోతున్నట్టు. ఇరవై రెండేళ్లుగా ఆయన చేసింది ఆ వ్యాపారమే కాబట్టి గొర్రెల గురించి ఎవరేం అడిగినా తడుముకోడు. షరఫియా చేరాక ఆ పదకొండే పెట్టుబడి.

కార్డు ఇచ్చింది పక్కింటి దర్జీ హాజీ మహ్మూద్. చనిపోయిన తమ్ముడు యాసీన్‌ది. "వాడు బతికుండగా ఎవడికీ పనికిరాలేదు. ఇప్పుడైనా పనికిరానీ" అన్నాడు, దాని మీద ఓదీషో ఫోటో తనే అంటించి, కళ్లు తుడుచుకుంటూ.

ఇక చిక్కల్లా అత్తతోనే. ఆమె అరబ్బీ మాట్లాడితే రెండో మాటకే కొండల క్రైస్తవుల యాస బయటపడుతుంది. అందుకని దవడకు గుడ్డ చుట్టి పంటినొప్పి అని చెప్పమన్నాడు.

"ఏం జరిగినా నోరు తెరవకు అత్తా."

"ఈ మూడ్రోజులూ తిండికే తెరవను, మాటకెందుకు తెరుస్తానురా?" అంది మర్గనీతా.

ఆ సోమవారం, మోసుల్‌ను ఆనుకుని ఉన్న పాత నీనెవె పేరిట వాళ్లు ఏటా చేసే మూడు రోజుల ఉపవాసంలో మొదటి రోజు. నలభై రోజుల్లో ఈ నగరం కూలిపోతుందని యోనా ప్రవక్త చెప్పినప్పుడు రాజు సింహాసనం దిగి బూడిదలో కూచున్నాడనీ, ఊరు ఊరంతా పస్తులుందనీ, ఆ ఊరివాళ్లం మనమేననీ మర్గనీతా ఓదీషోకు మాటలు రాకముందు నుంచీ చెబుతూనే ఉంది. ఆమె ఆరో ఏట మొదలుపెట్టి ఒక్క ఏడూ తప్పలేదు. ఓదీషో పెళ్లయిన ఏడాది మానేశాడు. ఆ పొద్దున కూడా తలుపు వెనక నిలబడి రొట్టె తిని, టీ తాగి, మీసం తుడుచుకుని వచ్చాడు.

బండి నది ఎడమ ఒడ్డు వీధులు దాటి పాత నీనెవె గోడల పక్కగా ఉత్తరానికి తిరిగింది. గోడలంటే ఇప్పుడు మట్టిదిబ్బలే. అత్త వాటివైపు తిరిగి పెదవులు కదిపింది. ఓదీషో చూపు రోడ్డు మీదే ఉంది. చెవులు మాత్రం వెనక్కి పోయాయి. గొర్రెలు అరుస్తున్నాయి. బండి కుదుపుకు అరిచే అరుపు కాదది. ఏ గొర్రె ఎందుకు అరుస్తుందో ఆయనకు తెలియనిది కాదు.

"అత్తా, వీటికి మేత వేశావా?"

మర్గనీతా అద్దంలోంచి బయటికి చూసింది.

"నిన్నే. రాత్రి వేశావా లేదా?"

"ఉపవాసం కదరా."

"నీకు ఉపవాసం! గొర్రెలకేంటి?"

"మనిషీ పశువూ మందా ఏదీ ముట్టగూడదు, మేయగూడదు, నీళ్లు తాగగూడదు అన్నాడు రాజు. మా నాన్న మందకు కూడా మూడు రోజులూ మధ్యాహ్నం దాకా ఏమీ పెట్టేవాడు కాదు. నీకు మరుపొస్తే నాకూ రావాలా?"

"నీళ్లు కూడా?"

"చెప్పాగా."

ఓదీషో స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టాడు. "సంతకు తోలేవాడు ముందు రోజు ఉప్పు నాకించి కడుపు పగిలేలా నీళ్లు తాగిస్తాడత్తా. అప్పుడే తూకం. ఎండిన డొక్కలతో గొర్రెల్ని సంతకు తోలే వర్తకుణ్ని నువ్వెప్పుడైనా చూశావా? ఎవడైనా కాస్త గొర్రెలు ఎరిగినవాడు ఆపాడో, మన కథ అక్కడికే."

"అయితే ఆపు. గడ్డి పెట్టు."

"గడ్డెక్కడుంది?"

"ఇంట్లో ఉంది. కళ్ల ముందుంటే వాటి ప్రాణం లాగుతుందని తేలేదు."

ఓదీషో కోపంగా గేరు మార్చాడు. మలుపు తిరగగానే ఎదురుగా రోడ్డుకు అడ్డంగా రెండు పీపాలు, వాటి మీద ఒక దూలం. తుపాకులతో ముగ్గురు. వెనక్కి తిప్పితే కాలుస్తారు. అత్త దవడ గుడ్డ బిగించుకుంది.

ఇద్దరు బండికి అటూ ఇటూ నిలబడ్డారు. మూడోవాడు యాభై ఏళ్లవాడు, గళ్ల తలగుడ్డ, నెరిసిన గడ్డం. కార్డు అడిగి చూశాడు, దాన్ని తిరిగివ్వకుండా వేళ్ల మధ్య పట్టుకున్నాడు.

"ఎక్కడికి యాసీన్?"

"సంతకన్నా. ఈవిడ మా అమ్మ. పంటినొప్పి, దారిలో ఎవరైనా పన్ను పీకేవాడుంటే చూపిద్దామని."

అతను బండి వెనక్కి పోయాడు. ఓదీషో దిగి వెంటే నడిచాడు. అతను ఒక గొర్రె డొక్కలో చేయి పెట్టి నొక్కాడు. ఇంకోదాని పెదవి ఎత్తి చిగుళ్లు చూశాడు. బండి అడుగు చూశాడు.

"ఒక్క తడి పెంటిక లేదు బండిలో."

"పొద్దున కడిగానన్నా."

"నేను పదిహేనేళ్లు గొర్రెలు కాశాను. ఎవరికి చెబుతున్నావు? వీటి కడుపులు ఖాళీ. ఇలా సంతకు ఎవడు తోలతాడయ్యా?" గడ్డం గీరుకున్నాడు. "ఆగు. ఇట్లా ఆకలికి అరిచే మందను నా చిన్నప్పుడు ఎక్కడో చూశాను. నదవతల ఒక ఊరుండేది. ఇదే చలికాలం. ఆ ఊళ్లోవాళ్లు ఏడాదికోసారి కావాలనే…"

అతని కళ్లు సగం మూతపడ్డాయి. గుర్తుకొస్తోంది.

కొనేవాడు ఆలోచనలో పడ్డాడంటే బేరం చెయ్యి దాటుతుందని ఓదీషోకు తెలుసు. అతని తలలోకి ఆ ఊరు వచ్చేలోగా ఇంకోటి ఏదైనా అక్కడ పెట్టాలి. అది తనకు సిగ్గు తెచ్చేదైతేనే నమ్ముతాడు.

"అన్నా, నీ దగ్గర దాచి ఏం లాభం. ఇవి నావి కావు."

అతను కళ్లు తెరిచాడు. "ఎవరివి?"

"మా వీధిలో ఓదీషో అని ఒక క్రైస్తవుడు. కాగితం వేశారు, ఊరొదిలి పోయాడు. వాకిట్లో ఇవి కట్టేసినవి కట్టేసినట్టే ఉన్నాయి, రాత్రంతా ఒకటే అరుపులు. తెల్లారగానే తోలుకొచ్చాను."

"మేత కూడా పెట్టకుండా పోయాడా?"

"ఉట్టి పిసినారన్నా. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా, ఎంగిలి చేత్తో కాకిని తోలడు."

పక్కనున్నవాడు ఫక్కున నవ్వాడు. నెరిసిన గడ్డంవాడు నవ్వలేదు. చెంప మీద ఒక్కటి కొట్టాడు. ఓదీషో చెవిలో గుయ్యిమంది.

"వాళ్లు వదిలిపోయినది మాకు చెందుతుందిరా. నీ అబ్బ సొమ్మనుకున్నావా? ఈ పెద్దావిణ్ని పక్కన కూచోబెట్టుకుని దొంగతనమా?"

అతను కిటికీ దగ్గరికి పోయాడు. "అమ్మా, నిజం చెప్పు. నీ కొడుకు వీటిని దొంగిలించాడా?"

ఆ మూడు రోజుల్లో అత్త అబద్ధమాడదు. ప్రాణం పోయినా ఆడదు. నిజం చెబితే ఇద్దరి ప్రాణం పోతుంది. అసలు నోరు తెరిచినా చాలు.

మర్గనీతా దవడ పట్టుకుని మూలిగింది. అతను జాలిపడ్డట్టున్నాడు. నీళ్ల సీసా మూత తీసి అందించాడు. "తాగమ్మా. గొంతు తడుపుకుని చెప్పు."

ఆమె సీసా అందుకుంది. తాగేముందు శిలువ గుర్తు వేసుకోవడం ఆమెకు ఊపిరి లాంటిది. కుడిచేయి దానంతటదే లేచి నుదుటిదాకా పోవడం ఓదీషో చూశాడు. ఆ చేయి నుదుటి దగ్గర ఆగింది. తలమీది నల్లగుడ్డ సర్దుకుని కిందికి దిగింది. ఆమె సీసా ఎత్తి తాగింది. ఆపకుండా, నోరు ఖాళీ అవనివ్వకుండా, చివరి గుక్క దాకా తాగింది. చివర్న పొలమారి దగ్గడం మొదలుపెట్టింది. దగ్గు నిజమో కాదో ఓదీషోకు తెలియలేదు.

"సరే సరే, వదిలెయ్" అన్నాడతను విసుగ్గా. తనవాళ్లకు సైగ చేశాడు. "గొర్రెల్ని దించండి. ముందు నీళ్లు పెట్టండి, చస్తాయి." కార్డును ఓదీషో ముఖాన కొట్టాడు. "ఇంకోసారి కనబడితే చేయి నరుకుతా. ఫో."

ఖాళీ బండి గతుకుల్లో డబ్బాలా మోగుతూ పోయింది. తెల్‌కేఫ్ అనే ఊరు దాటింది. ఓదీషో ఒక చేత్తో చెంప తుడుచుకుంటున్నాడు. పక్కన అత్త ఏడుస్తోంది.

"నీళ్లే కదత్తా."

"నీళ్లే." గుడ్డ విప్పి ముక్కు చీదింది. "డెబ్బై ఏళ్లురా. మా అమ్మ పోయిన రోజు కూడా తాగలేదు. అయినా నీవీ గొర్రెలే కదా, నువ్వెందుకు ఏడుస్తున్నావు?"

అప్పుడుగానీ ఓదీషో తన కళ్లు తడిగా ఉన్నాయని గమనించలేదు.

"ఇవాళ్టిది పోయింది" అంది మర్గనీతా. "రేపట్నుంచి మళ్లీ మొదలుపెడతాను. మంగళ, బుధ, గురు. నువ్వు కూడా ఉండాలి."

"నేనెందుకు?"

"మందలో ఒక్కటి మిగల్లేదుగా. వాటి బదులు నువ్వు."

ఓదీషో బేరమాడాడు. ఒక రోజు అన్నాడు. రెండు అన్నాడు. నీళ్లు మాత్రం తాగుతానన్నాడు. మర్గనీతా ఏ మెట్టూ దిగలేదు. షరఫియా గుడి గంట కనిపించేసరికి ఒప్పేసుకున్నాడు.

ఊరివాళ్ల ఉపవాసం బుధవారంతోనే ముగిసింది, గురువారం ఊరంతా వంటల వాసన. ఓదీషో పిల్లలు వాకిట్లో కూచుని ఎముకలు చీకుతున్నారు. అత్తా మేనల్లుడూ మాత్రం పొయ్యికి దూరంగా గోడకు ఆనుకుని పొద్దు ఎప్పుడు వాలుతుందా అని చూస్తున్నారు. ఓదీషో మనసులో లెక్క వేసుకున్నాడు. పోయినవి: ఇల్లు, పదకొండు గొర్రెలు, వీధిలో మంచిపేరు. వచ్చినవి: చెంప మీద ఇంకా తగ్గని వాపు, బతికున్న అత్త, పిల్లల ముందు బతికున్న తండ్రి, పద్నాలుగేళ్ల తర్వాత నిజంగా పట్టిన మూడు రోజుల ఆకలి. అన్నీ కూడి చూసుకున్నాడు. నష్టం రాలేదు.