పకారి జుట్టు

"జుట్టు" అంది నా కూతురు పకారి, ఊరి సంఘం హాల్లో, అందరి ముందూ.

"నీకేం కావాలమ్మా?" అని సభ నడపడానికి పట్నం నుంచి వచ్చిన లియొనోర్ అడిగిన ప్రశ్నకి జవాబు అది. వికలాంగుల హక్కుల గురించి ఊరికి చెప్పడానికి పెట్టిన సభ. నెల రోజులుగా గడప గడపా ఎక్కి జనాన్ని పిలిచింది నేను. "వాళ్ళ తరఫున మీరు నిర్ణయించకండి, వాళ్ళనే అడగండి" అని చిలకలా వల్లించిందీ నేనే. చక్రాల కుర్చీ అడుగుతుందనుకున్నాను. బడికి పంపమంటుందనుకున్నాను. పదహారేళ్ళ పిల్ల, ఒక్కో మాటా కూడదీసుకుని, "పెంచుకుంటా... అమ్మ... కత్తిరించేస్తుంది" అంది.

అందరి కళ్ళూ నా మీదే. ఓతవాలో అనే ఊరి చుట్టుపక్కల మా ఆదివాసుల్లో ఆడా మగా అందరికీ జడే. బోడితల పిల్లని కన్నతల్లిని ఎలా చూస్తారో అలాగే చూశారు. మా అత్తగారు ముందు వరసలోంచే అందుకుంది. "మా నాన్న జడ దొర కోయించాడు. నా మనవరాలి జడ దాని తల్లే కోసింది."

మొదటిసారి కత్తెర పట్టిన రోజు "మంచి పని చేశావే, నీకూ తేలిక" అన్నది ఈవిడే. ఆ మాట అక్కడే అనేద్దామనుకున్నాను. పకారి చేతులు పుట్టినప్పటి నుంచీ లోపలికి ముడుచుకుపోయి ఉంటాయి, తల దాకా లేవవు. నీళ్ళు పోసేదీ, తినిపించేదీ, ఎత్తి కూర్చోబెట్టేదీ నేనే. ఆ మధ్యలోనే మగ్గం మీద శనివారం సంతకి శాలువాలు నెయ్యాలి. దువ్వెన పెడితే పిల్ల మెడ విసిరేసి ఏడ్చేది. నేనూ ఏడ్చేదాన్ని. ఒక్కరంటే ఒక్కరు వచ్చి ఆ దువ్వెన ఇలా ఇయ్యి అన్నవాళ్ళు లేరు. ఇప్పుడేమో నేను దోషిని. కానా మరి? పదహారేళ్ళలో ఒక్కసారైనా అడిగానా దాన్ని? ఊరందరికీ చెప్పాను, నా ఇంట్లో అడగలేదు. అది నోరు విప్పి అడిగినందుకు పొంగిపోవాలో, నలుగురిలో నా పరువు తీసినందుకు కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. దానికి హక్కుంది, సరే. నొప్పెడుతున్న నా నడుముకి ఏముంది? అలా అనుకున్నందుకు మళ్ళీ సిగ్గేసింది.

ఇంటికొచ్చాక నా మొగుడు సెగుందో తీరిగ్గా ఉడకబెట్టిన మొక్కజొన్న గింజలు నములుతూ, "పెంచుకోనివ్వవే పాపం. దాని హక్కటగా. ఊరంతా చెప్పొచ్చావుగా" అన్నాడు.

"దువ్వేదెవరు?"

"ఇంకెవరు? నువ్వే."

పకారి వైపు తిరిగాను. "రోజూ అరగంట పడుతుందే తల్లీ. నేనెక్కణ్ణుంచి తేను ఆ అరగంట?"

అది చాలాసేపు పెదాలు కదిపింది. "నాన్నకి... వేస్తావుగా" అంది.

సెగుందో నమలడం ఆపలేదు. నేను ఆయన వీపు మీది జడకేసి చూశాను. నిజమే. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆయన బల్ల మీద నాకు వీపు పెట్టి కూర్చుంటాడు. నడుం దాకా ఉన్న ఆ జుట్టు చిక్కుతీసి, దువ్వి, జడల్లి కడతాను. అదొక పని అని నాకెన్నడూ తట్టలేదు. నిన్నటిదాకా ఎవరైనా అడిగితే, ఈ ఇంట్లో సాయం కావల్సింది ఒక్క పకారికే అని చెప్పి ఉండేదాన్ని. ఇప్పుడు ఎవరికి చేతులున్నాయో, ఎవరికి లేవో నాకే అయోమయంగా ఉంది.

మర్నాడు పొద్దున ఆయన అలవాటుగా వచ్చి వీపు తిప్పి కూర్చున్నాడు. పకారి గుమ్మం దగ్గర చాప మీద ఉంది, దువ్వెన పట్టుకుని దాని వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. వేలెడు కూడా లేదు జుట్టు.

"ఇవాళ్టి నుంచి నీది నువ్వే వేసుకోవయ్యా" అన్నాను.

నవ్వాడు. "చేతులు వెనక్కి అందవే నాకు!"

"అందనివాళ్ళకి ఈ ఇంట్లో ఏం చేస్తారో తెలుసుగా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం వేసింది.

ఆయన నవ్వు ఆగింది. జుట్టంతా రెండు చేతులతో ముందుకు లాక్కుని గుండెకి పట్టుకుని, పకారి తల వైపు చూశాడు.