బ్యాటరీ గది ఎంత పొడవు?

బ్యాటరీ నిద్ర లేవడమంటే ఒక్క మనిషి లేవడం కాదు, ఒక ఊరు లేవడం. ముందు మణికట్టు మీది వాచీ గిలగిల కొట్టుకునేది. దాని వెనక తలగడ కింద ఫోను, దాని వెనక బల్ల మీద ట్యాబు, ఆ తర్వాత పళ్ళు ఎంతసేపు తోమాలో చెప్పే బ్రషు, ఎన్ని గుక్కలు తాగావని నిలదీసే నీళ్ళ సీసా, అన్నీ మేలుకుని శుభోదయం చెప్పేవి. ఇన్ని గొంతులు పలకరించినా వాడు తిరిగి ఒక్క మాటా అనేవాడు కాదు. వాటిలో కొన్నిటికి చెవులున్న మాట నిజమే. కానీ అవి వినేది వేరే.

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇంకేదో ఉండేది. మా మేడలో మాత్రం అందరికీ బ్యాటరీయే. ఎవరైనా ఎదురైతే 'ఎలా ఉన్నారు' అనకుండా, వాళ్ళ చేతిలోని ఫోను వంక చూసి 'ఎంత శాతం ఉంది' అనేవాడు మరి. నేనుండేది కింది వాటాలో. మెట్ల పక్కన కుర్చీ వేసుకు కూర్చున్నానంటే ఈ మేడలో చీమ తుమ్మినా నాకు వినిపిస్తుంది, ఏ అంతస్తు చీమో కూడా చెప్పగలను. కాబట్టి ఇందులో ఒక్క అక్షరం అటూ ఇటూ ఉండదు.

యాప్‌లు జనం చేతికి వెళ్ళకముందే వాటిలో తప్పులు పట్టడం వాడి ఉద్యోగం. మూడో అంతస్తులో ఒంటిగది. పనీ అక్కడే, పడకా అక్కడే. గదికి ఒక కొసన తలుపు, రెండో కొసన తెరుచుకోని అద్దం కిటికీ, దాని కింద బల్ల, మంచం. వాచీలో వాడి లక్ష్యాలు రంగురంగుల గుండ్రాలుగా ఉండేవి. నడకకొకటి, నీళ్ళకొకటి, నిద్రకొకటి. నాలుగోది వాడు సొంతంగా చేర్చుకున్నాడు. రోజుకు ఒక మనిషితో మాట్లాడాలి. మొదటి మూడూ వాటంతటవే నిండేవి. నాలుగోది మాత్రం వేలితో నొక్కి వాడే నింపుకోవాలి. ఎవరు చూడొచ్చారు, రోజూ ఒక నొక్కు నొక్కితే పోలేదా? నొక్కేవాడు కాదు. తప్పులు పట్టేవాడు తన దగ్గర తప్పు రాసుకుంటాడా?

నడక రోజుకు పదివేల అడుగులు. వీధిలో నడుద్దామంటే ఫోను ఒప్పుకునేది కాదు. ఇవాళ దుమ్ము అనేది, రేపు ఎండ అనేది, ఎల్లుండి చినుకులు పడొచ్చు అనేది. సరే, గదిలోనే నడిచాడు. కిటికీ నుంచి తలుపుకి, తలుపు నుంచి కిటికీకి, గానుగెద్దులా. చిన్న గది కదా, నాలుగు అంగలకే గోడ వచ్చేది, కళ్ళు తిరిగేవి.

ఒకరోజు పొద్దున గోడ కాస్త ఆలస్యంగా వచ్చింది. మర్నాడు ఇంకాస్త ఆలస్యంగా వచ్చింది. వాడు నడిచినకొద్దీ గది సాగింది. వాచీ సంతోషం పట్టలేక తెర మీద బాణాసంచా కాల్చింది.

నెల తిరిగేసరికి తలుపు దగ్గర నిలబడి చూస్తే వాడి బల్లదీపం మిణుగురు పురుగంత కనిపించేది. ఇంటి ఓనరమ్మ అద్దెకు వచ్చినప్పుడు తొంగి చూసి, "వానాకాలం తలుపులు ఉబ్బుతాయి, గదులు సాగవా ఏంటి? సాగితే సాగనీ, ఊడ్చుకునేది నువ్వే," అని వెళ్ళిపోయింది. కుళాయి బాగుచేసేవాడు పనిముట్లు సైకిలుకి తగిలించుకుని వచ్చాడు. నేనూ ఒకసారి మర్యాదకు చూసొద్దామని బయల్దేరాను. నా నడక సంగతి మీకు తెలీదు, వయసులో రైలుతో పందెం కట్టి స్టేషన్లో దాని కోసం నేనే ఎదురుచూసినవాణ్ణి. అలాంటి నేను సగం దూరం కూడా వెళ్ళలేక చతికిలబడ్డాను. ఇంటికొచ్చేసరికి గడ్డం పెరిగిపోయింది.

వాడికి ఇల్లు ఊడ్చే గుండ్రటి యంత్రం ఒకటుండేది. దాని వీపున ఒక సంచి కట్టి, గుమ్మం దగ్గర పెట్టివెళ్ళిన సరుకులు తెమ్మని పంపేవాడు. ఒకసారి వెళ్ళింది మళ్ళీ రాలేదు. సాయంత్రాలు పని అయిపోయాక కుర్చీ తలుపువైపు తిప్పుకుని, ఎక్కడో దూరాన ఎర్రగా ఆరి వెలిగే దాని దీపాన్ని చూస్తూ కూర్చునేవాడు. కొన్నాళ్ళకు అదీ ఆరిపోయింది. ఆ తర్వాత కూడా అటే చూసేవాడు.

వాడికి ఉన్నదల్లా ఒక అక్క. సిటీ బస్సు డ్రైవరు. క్లచ్చు తొక్కీ తొక్కీ ఆవిడ ఎడమ మోకాలు అరిగిపోయింది కానీ, గొంతు మాత్రం హారన్ అక్కర్లేని గొంతు. ఆవిడ బస్సు ఆఖరి స్టాపు మా మేడ ముందే. ఫోనులో ఆ బస్సు ఒక నీలం చుక్క. పని చేసుకుంటూనే బ్యాటరీ ఓ కన్ను దాని మీద వేసి ఉంచేవాడు. ఇప్పుడు అక్క వంతెన ఎక్కింది, ఇప్పుడు ఆసుపత్రి మలుపు తిరిగింది, ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆగింది, ఎవణ్ణో తిడుతూ ఉంటుంది. రోజంతా అక్కతోనే ఉన్నట్టుండేది. ఆవిడ మొహం ఎదురుగా చూసి మాత్రం ఎన్నాళ్ళయిందో.

ఆవిడ రాకపోతే కదా చూడకపోవడానికి! మధ్యాహ్నం ట్రిప్పు అవగానే పది నిమిషాల విరామంలో ఫ్లాస్కు పట్టుకుని, రెయిలింగు పట్టుకుని, మూడంతస్తులూ ఎక్కి తలుపు గంట నొక్కేది. ఆ గంట డబ్బాకి ఒక కెమెరా ఉండేది. అందులో ఆవిడ మొహం ఫోనులోకి వచ్చేది. వాడు వెంటనే గుమ్మం దాకా వెళ్ళడానికి ఎంతసేపు పడుతుందో ఫోనునడిగేవాడు. ఆవిడ బస్సు కదలడానికి ఎంతసేపుందో కూడా అదే చెప్పేది.

"అక్కా, ఇప్పుడు బయల్దేరినా నేనొచ్చేసరికి నువ్వు వెళ్ళిపోతావు. ఫోను చెప్తోంది. ఇలాగే మాట్లాడుకుందాం."

"నీ ఫోను నోరు పడిపోను! పోనీ నేనే రానా లోపలికి?"

"ఈ మోకాలితోనా? వద్దు. నీ బస్సెవరు తీస్తారు?"

"నువ్వు తియ్. యాప్ ఉండే ఉంటుందిగా దానికి."

ఫ్లాస్కు మూతలో ఒకటి, చిన్న గ్లాసులో ఒకటి, రెండు టీలు పోసేది. ఒకటి తను తాగేది. రెండోది గుమ్మం మీద పెట్టి కబుర్లు చెప్పేది. ఆవిడ కబుర్లకు వాడు నవ్వితే ఆ నవ్వు గంట డబ్బాలోంచి చీదినట్టు వినపడేది. టైమవగానే చల్లారిన రెండో టీ కూడా తనే తాగి దిగిపోయేది. నా పక్కనుంచి వెళ్తూ, "బాబాయ్, మావాడు బాగానే ఉన్నాడు," అనేది, నేను అడక్కపోయినా. ఆవిడ వెళ్ళాక వాడు వాచీలో నాలుగో గుండ్రాన్ని సగం వరకే నింపుకునేవాడు.

ఒకనాడు ఆవిడ టీ పొయ్యలేదు.

"ఒరేయ్, ఈ రూటు ఎత్తేస్తున్నారు. సముద్రం పక్క ఊళ్ళో డిపోలో ఖాళీ ఉందట. అంతా చదును రోడ్డు, మోకాలికి మంచిదంటున్నారు. ఇక్కడే ఉంటానంటే ఇంకేదో రూటు ఇస్తారట. రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి."

"మరి నువ్వేమనుకుంటున్నావు?"

"నేననుకునేది తర్వాత. ఇక్కడ నాకున్నది నువ్వొక్కడివి. నిన్ను చూద్దామని వస్తే తలుపుతో మాట్లాడి పోతున్నాను. రేపొస్తాను. ఉండమంటావో, పొమ్మంటావో చెప్పు."

బ్యాటరీ ఫోనులో రిమైండర్ పెట్టుకున్నాడు. అక్కను వెళ్ళొద్దనాలి. ఆ మాట పైకి అని, రికార్డు చేసుకుని, వినిచూశాడు. ఎవరో టికెట్ అడిగినట్టు ఉంది. చెరిపేశాడు, మళ్ళీ అన్నాడు. ఆ రాత్రి నిద్ర గుండ్రం నిండలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడొచ్చే వేళకు ముందు, అన్నీ చక్కగా పనిచెయ్యాలని జాగ్రత్తపడ్డాడు. ఫోనులో కొత్త అప్‌డేట్ వచ్చి ఉంది. మాట మధ్యలో గంట డబ్బా మూగబోతే కష్టం కదా, ముందే చేసేద్దామని నొక్కాడు. వాడి వస్తువులన్నీ ఒకే గొలుసులో కట్టినవి. ఫోను నల్లబడింది, వాచీ నల్లబడింది, ట్యాబు, గంట కెమెరా, తలుపు తాళం, అన్నిటి తెరల మీదా ఒకటే తెల్ల చక్రం తిరగడం మొదలైంది. కింద ఒకటే మాట. 'దయచేసి వేచి ఉండండి.'

లోకంలో తప్పులన్నీ పట్టేవాడు, చూశారా, ఆ ఒక్కటీ పట్టలేకపోయాడు.

కిటికీలోంచి కిందకు చూశాడు. గది ఎంత సాగినా కిటికీ మాత్రం ఆ వీధినే చూసేది. బస్సు వచ్చి ఆగి ఉంది. డ్రైవరు తలుపు తీసి ఉంది. సీటు ఖాళీ.

అంటే అక్క మెట్లెక్కుతోంది. చక్రం తిరుగుతోంది. గుమ్మం ఎంత దూరం? ఎంతసేపు పడుతుంది? బస్సు ఎప్పుడు కదులుతుంది? అడుగుదామంటే జవాబు చెప్పే దిక్కు లేదు. వాచీని చార్జరు మీద వదిలేసి, మేజోళ్ళతోనే నడక మొదలుపెట్టాడు. కాసేపటికి పరుగందుకున్నాడు.

ఇటుపక్క సంగతి నేను కళ్ళారా చూశాను. ఆవిడ పైకెళ్ళిన తీరు నచ్చక, నేనూ వెనకే రెండంతస్తులు ఎక్కాను. ఎక్కడమేంటి, ఎగిరాను! ఆవిడ గంట నొక్కింది. పలకలేదు. మళ్ళీ నొక్కింది.

"ఒరేయ్, నేను."

గంట డబ్బాలో దీపం కూడా లేదు. ఆవిడ రెండు టీలూ పోసి, ఒకటి గుమ్మం మీద పెట్టింది.

"పోనీ మాట్లాడకు. వినను కూడా వినవా? ఆ ఊళ్ళో క్వార్టర్సు ఇస్తారట. సముద్రం కనిపిస్తుందట. నాకు సముద్రం ఎందుకురా, నేనేమైనా చేపనా?" తనే నవ్వింది. ఆ నవ్వు మెట్ల మలుపులో ఒక్కసారి తిరిగి నా దాకా వచ్చి ఆగిపోయింది. "నువ్వు వద్దంటావేమోనని రాత్రంతా అనుకున్నాను. సరేలే. పలక్కపోవడం కూడా ఒక జవాబే."

చల్లారిన టీ కోసం వంగబోయింది.

లోపల వాడు పరిగెడుతున్నాడు. దారిలో కాలికేదో తగిలింది. తప్పిపోయిన ఊడ్చే యంత్రం, వీపున సరుకుల సంచితో సహా. దాన్ని పిల్లికూనలా చంకలో పెట్టుకుని మళ్ళీ పరిగెత్తాడు. ఇన్నాళ్ళూ ఆ గదిలో వాడు వేసిన అడుగులన్నీ గుండ్రం నింపడానికి వేసినవే. ఒక మనిషి దగ్గరికని వేసిన అడుగు అంతకుముందు ఒక్కటీ లేదు. ఆ అడుగుల కింద గది, ఆరిన దుప్పటిని అమ్మ మడతపెట్టినట్టు, మడతలు పడింది. వెనక మంచం, బల్ల, కిటికీ కిర్రుకిర్రుమంటూ వాడి వెంటే వస్తున్నాయి. వాడు వెనక్కి చూడలేదు.

తాళం కూడా చక్రం తిప్పుకుంటూ కూర్చుంది. కానీ లోపలివైపు ఒక మామూలు ఇత్తడి పిడి ఉంది. ఎప్పుడూ చెయ్యి వెయ్యలేదు దాని మీద. తిప్పాడు.

తలుపు తెరుచుకునేసరికి టీ గ్లాసు ఆవిడ పెదవుల దగ్గరుంది.

ఆవిడ చెవుల పక్క జుట్టు నెరిసింది. కెమెరాలో అది కనిపించేది కాదు. వాడు చిక్కిపోయాడు. అదీ కనిపించేది కాదు. రాత్రంతా వల్లించిన మాట వాడి నోట రాలేదు.

"అది నా టీ," అన్నాడు రొప్పుతూ.

"చల్లారిపోయింది."

"పర్లేదు, ఇవ్వు."

ఒక్క గుక్కలో తాగేశాడు. ఆవిడ వాడి భుజం మీంచి లోపలికి చూసింది. అడుగు దూరంలోనే మంచం, దాని పక్క బల్ల, దాని వెనక కిటికీ.

"ఏరా, మంచం ఇటు జరిపావా?"

"నేను జరపలేదు."

"బాగుంది. దుప్పటే ఉతుక్కోవాలి."

కింద జనం బస్సు రేకు బాదుతున్నారు. ఆవిడ ఫ్లాస్కు మూత బిగించింది.

"అక్కా, వెళ్ళొద్దు."

"టైమైందిరా."

"అది కాదు. ఆ ఊరికి. వెళ్ళొద్దు."

"ఈ ముక్క చెప్పడానికి ఇంత దూరం పరిగెత్తుకొచ్చావా?" అని వాడి చంకలోని యంత్రాన్ని చూసింది. "దీన్ని కూడా వెంటేసుకుని?"

ఆవిడ కండువా కొసతో వాడి నుదుటి చెమట తుడిచి, భుజం మీద చెయ్యి వేసి బరువంతా మోపింది. "పద, మెట్లు దిగడమే నాకు చావు."

ఆ మేజోళ్ళతోనే దిగాడు. నా పక్కనుంచి వెళ్తూ, "ఎలా ఉన్నారు బాబాయ్?" అన్నాడు. శాతం అడగలేదు. ఎన్నో సభల్లో గంటలకొద్దీ మాట్లాడి జనాన్ని ఏడిపించినవాణ్ణి, ఆ చిన్న ప్రశ్నకు 'నూటికి నూరు శాతం' అని మాత్రం అనగలిగాను.

డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చుని, నీలం చుక్కలో ఆ పూటంతా తిరిగాడు. వంతెన ఎంత ఎత్తో, ఆసుపత్రి మలుపులో ఎంత గాలో, సిగ్నల్ దగ్గర అక్క తిట్లు ఎంత చక్కగా ఉంటాయో అప్పుడే తెలిసింది. డిపోలో బస్సు పెట్టి, కిటికీ దగ్గర కూర్చున్న మేనేజరుతో ఆవిడ, "ఏ రూటైనా పర్లేదు సార్, ఈ ఊళ్ళోనే ఇవ్వండి," అనడం కూడా విన్నాడు.

ఇంటికొచ్చేసరికి అన్నీ మేలుకుని ఉన్నాయి. ఇవాళ నడక సరిపోలేదని వాచీ కోప్పడింది. నీళ్ళ సీసా అలిగింది. ఊడ్చే యంత్రాన్ని చార్జింగ్‌కి పెట్టి మంచం మీద వాలి, ఒళ్ళు విరుచుకుంటూ కాళ్ళు బారచాపాడు. బొటనవేలు ఠంగుమని తలుపుకి తగిలింది. దెబ్బ గట్టిదే. పాదం పట్టుకుని, మేడంతా వినపడేలా, పగలబడి నవ్వాడు.

నాలుగో గుండ్రం ఆ రోజు ఖాళీగానే ఉండిపోయింది. నొక్కడం మర్చిపోయాడు.