కిటికీ మూలన చేప

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తల్లాడలో ఎవర్ని అడిగినా ఈ మాటే చెప్తారు. వెల్డింగ్ దుకాణం నాది. పనీ మా నాన్న నేర్పిందే, గుర్తూ ఆయనదే: ఏ గ్రిల్లు చేసినా కింది మూలన చిన్న ఇనుప చేప అతికిస్తాను. అది కనబడితే ఖాలిద్ పని అన్నమాట.

ఆ మధ్యాహ్నం ఖమ్మం నుంచి వచ్చిన బస్సు దిగి బొజ్జయ్య వచ్చాడు. భద్రాచలం దగ్గర అడవి పల్లె అతనిది. ఏటా నాగలి కర్రు నా దగ్గరే సరిచేయించుకుంటాడు. ఈసారి ఒక దారం ముక్క చేతిలో పెట్టి, ఆ కొలతకు ఇనుప కడియం, దానికి రెండు బారల గొలుసు కావాలన్నాడు. ఒరుసుకోకుండా లోపల సైకిల్ ట్యూబు తొడగాలట. మేకపిల్ల మెడకే అనుకున్నాను. మేకపిల్లకైతే వేలెడు వదులు వదలడం మా పనిలో అలవాటు.

"ఇంకా పెరుగుతదా?" అని అడిగాను.

"పెరగది సాయిబూ. ఇరవై రెండేండ్లొచ్చినయ్. కాలికి."

రోడ్డు అవతల బస్టాండు అరుగు మీద అతని భార్య ముత్తక్క కూర్చుని ఉంది. ఆమె కొంగు కొస పక్కనున్న బిడ్డ పుష్పలత మణికట్టుకు ముడేసి ఉంది. కన్నబిడ్డకు గొలుసా, నువ్వసలు మనిషివేనా అని నోటికొచ్చినట్టు తిట్టాను. బొజ్జయ్య తల దించుకుని అంతా విన్నాడు.

తర్వాత మెల్లగా చెప్పాడు. పుష్పలతకు ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తుంది. నెలలో రెండుసార్లు గోదాట్లోకి నడిచి వెళ్లింది. రెండోసారి పడవవాళ్లు జుట్టు పట్టి బయటికి లాగారు. మందిస్తే ఊసేస్తుంది. ఆమె వద్దన్నా చేర్చుకోవాల్సిందేనని ఖమ్మం పెద్ద దవాఖానా డాక్టరే రాశాడు. కానీ అక్కడ అలాంటివాళ్ల కోసం కట్టిన వార్డుకు తాళం ఉంది. నర్సులను పెట్టడానికి సర్కారు ఇంకా మంజూరు ఇవ్వలేదట. హైదరాబాదులో మంచం దొరికేది ఇరవై రోజులకు.

"నది మా ఇంటి ఎనకనే సాయిబూ. గీ ఇరవై దినాలు బతికుంటే సాలు."

ఇంతలో పుష్పలత తల్లిని లాక్కుంటూ రోడ్డు దాటి వచ్చింది. నా వైపు చూడలేదు. గోడకు ఆనించిన గ్రిల్లు ముందు కూర్చుని, మూలనున్న చేప మీద వేలు పెట్టింది.

"అమ్మా, గా తాళమేసిన వార్డు కిటికీకి గిదే చేప."

రెండేళ్ల కిందట ఆ వార్డు కిటికీలు చేసింది నేనే. రంజాన్ నెల, ఉపవాసంతో ఉన్నాను. ఎవరి బిడ్డకో ప్రాణం నిలుస్తుందని మనసుపెట్టి చేశాను. తాళం తీశారో లేదో ఒక్కనాడూ పోయి చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మిషన్ ఆన్ చేశాను. కడియం లోపల ట్యూబు రెండు పొరలు తొడిగాను. బొజ్జయ్య బిడ్డ కాలికి పెట్టి చూసి, ఇంకొంచెం బిగించమన్నాడు. బిగించాను.

పుష్పలత కడియం చుట్టూ వేలితో తడిమి చూసుకుంది.

"దీనికి చేప పెట్టలే," అంది.