మడ మొక్కకు కట్టిన గంజి నూలు

ఇట్ల దగ్గరికి జరగండి పిల్లోళ్ళారా, దూరంగా కూచుంటే సగం మాట గాలికి పోతాది. సెనక్కాయలు నములుతా ఉండండి, వద్దనను, చెవులు మాత్రం ఈ పక్క పెట్టండి. ఈ పొద్దు సుంకులు సంగతి చెప్పాల. సుంకులంటే సుంకులమ్మ, ఎమ్మిగనూరు మగ్గాల వీధి సిద్దప్ప కూతురు. సముద్రం ఒడ్డున బురదలో మొక్కలు లెక్కపెట్టే చదువు చదివిన పిల్ల.

ఎమ్మిగనూరులో పుట్టిన పిల్ల సముద్రానికి ఎట్ల పోయిందని అడుగుతారు. అడగాల్సిందే. మన పక్క నీళ్ళంటే తుంగభద్ర కాలవ వదిలినప్పుడు కండ్లారా చూసేటివే గదా. సిద్దప్పకు వాళ్ళ నాయన ఇచ్చిన రెండెకరాలూ చౌడు నేల. తెల్లగా ఉప్పు పూసి, కాలు పెడితే పెళపెళమంటాది. జిల్లేడు గూడా మొలవదు. "మా నాయన నాకు ఉప్పు రాసిచ్చి పోయినాడు, ఇగ కూరలోకి కొనే పని లేదు" అని నవ్వుకుంటా సిద్దప్ప మగ్గం గుంటలోకి దిగినాడు, మళ్ళ సేద్యం మొగం చూడలేదు.

డెబ్బైయారులో సుంకులు ఆదోని కాలేజీలో చేరింది. పొద్దున బస్సుకు పోయేది, సందేళకు వచ్చేది. ఆడ చెట్ల పాఠం చెప్పే సారు సేతుమాధవరావు. మంత్రాలయం పక్కవాళ్ళు. ఇంటిల్లిపాదీ గుడి సేవలో ఉంటే ఈయనొక్కడు చెట్ల సేవలో పడినాడు. ఒకదినం డబ్బాలో బురదతో సహా ఒక మొక్కను తెచ్చి బల్ల మీద పెట్టినాడు.

"ఇది మడ మొక్క. సముద్రం నీళ్ళల్లో బతుకుతాది. ఎవరికన్నా అనుమానముంటే ఆకు నాకి చూడండి" అన్నాడు.

అందరూ కిసకిసా నవ్వినారు. సుంకులు లేచిపోయి నాకి చూసింది. ఉప్పగా ఉండాది!

"సార్, మా చౌడులో ఏం పెట్టినా చస్తాది. ఇది ఎట్ల బతికె?"

"నాకు తెలిసింది ఇంతేనమ్మా. మిగిలింది ఆడికి పోయి ఆ బురదనే అడగాల."

ఊరికే అన్న మాట. పిల్ల దాన్నే కొంగున ముడేసుకుంది. వాల్తేరు పోయి పెద్ద చదువు చదివింది. ఎనభై ఒకటిలో కాకినాడ పక్కన మడ అడవి మీద పరిశోధన చేసేదానికి సీటు దొరికింది. వాళ్ళమ్మ మారెమ్మ మాత్రం వీధిలో అందరికీ "మా పాపకు బురదలో ఉద్యోగం వచ్చె" అని చెప్పుకుంది.

మడ అడవి ఎట్లుంటాదో సుంకులు చెప్తే వినాల. సముద్రం దినానికి రెండు మార్లు లోపలికి వస్తాది, రెండు మార్లు ఎనక్కి పోతాది. వచ్చేది పోటు, పోయేది పాటు. నీళ్ళు పోయినప్పుడు చూస్తే బురదలోంచి వేర్లు మేకులు కొట్టినట్ల పైకి లేచి ఉంటాయంట, గాలి పీల్చుకునేదానికి. బురద నిండా బొక్కలు, బొక్కకొక ఎండ్రకాయ. మనం ఎండ్రకాయ అంటాం, ఆ పక్కవాళ్ళు పీత అంటారు.

ఆ పిల్ల పని ఏందంటే, కొత్తగా మొలిచిన మొక్కలకు గుర్తు కట్టి, యాడాదిలో ఎన్ని బతికినాయి, ఎన్ని చచ్చినాయి అని చూడాల. గుర్తుకు దారం కావాల. దారమంటే యాడికి పోతాది? నాయనకు జాబు రాసింది. సిద్దప్ప ఎర్ర రంగు నూలు మూట కట్టి పంపినాడు. నాలుగు నూర్ల మొక్కలకు మోకాలి లోతు బురదలో వంగి వంగి ఒక్కొక్క దారమూ కట్టింది. నేతగాళ్ళ ముడి, తెగితే తెగాల గానీ ఊడదు.

పదైదు దినాలకు పోయి చూస్తే నలభై దారాలు గూడా మిగల్లేదు. తెగి పడిన తునకలు గూడా లేవు. దారం లేకపోతే ఏ మొక్క ఏదో ఎవరికి తెలుస్తాది? మళ్ళ కట్టింది. మళ్ళ పోయినాయి. మూడు మార్లు అట్లనే. చేసిన పనంతా నీళ్ళపాలాయె.

పరిశోధనకు పైన ఉండే పెద్దసారు గట్టిగా అడిగినాడు. "దారాలేమైనాయి? జవాబు లేకుంటే సీటు ఇంకొకరికి ఇస్తాం."

ఆ అడవిలోకి దినమూ వచ్చేది పల్లె ఆడోళ్ళే, పీతలు పట్టుకునేదానికి. అందులో నూకాలని ఒకామె సుంకులును చూసినప్పుడంతా "ఏటమ్మా, చెట్లకి తాళ్ళు కట్టి కాపరం చేయిత్తన్నావా" అని నవ్వేది. సుంకులుకు ఆ నవ్వు మనసులో గుచ్చుకొని ఉండాది. ఎర్ర నూలు బాగుందని వీళ్ళే తెంపుకొని పోయినారనుకుంది. చూడలేదు, అడగలేదు, అనుకుంది. అనుకున్నదాన్నే కాయితం మీద రాసిచ్చింది.

సీటు నిలబడింది. పెద్దసారు అడవి శాఖ వాళ్ళకు చెప్పినాడు, వాళ్ళు ఆడోళ్ళను అడవిలోకి రానీకుండా ఆపేసినారు. సుంకులు అయ్యో అనుకుంది, అంతే. సెలవు పెట్టి ఎమ్మిగనూరు వచ్చింది. సేతుమాధవరావు సారు ఆదోని కాలేజీలో పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచి ఉండాడు, ఆ పని గూడా చూసుకుందామని.

వచ్చిన మరుసటి పొద్దున వీధిలో పడుగు చాపి ఉండారు. మీకు తెలిసిందే గదా, రెండు పక్కలా కట్టెలు నాటి, వీధి పొడుగునా నూలు లాగి కట్టి, బియ్యం గంజిలో ఇంత సెనక్కాయ నూనె కలిపి కుంచెతో పట్టిస్తారు. గంజి తాగితేనే దారానికి బలం. సిద్దప్ప ఒక పక్క, సుంకులు ఒక పక్క కుంచె లాగుతాండారు. ఇంతలో పక్కింటి తిప్పమ్మ మేక యాడనుంచి వచ్చెనో వచ్చి, పడుగులో మూతి పెట్టి దారాలు నమలబట్టె.

"ఓ తిప్పమ్మా! నీ మేకను కట్టేసుకుంటావా, లేకుంటే దానికి గూడా కుంచె ఇయ్యమంటావా?" అని అరిచింది మారెమ్మ.

"కట్టేసే ఉంటిని అక్కా, గంజి వాసన పడితే అది నిలుస్తాదా?" అని తిప్పమ్మ పరిగెత్తుకొని వచ్చింది.

సిద్దప్ప మేకను తోలుతా, "గంజి నూలుకు ఆశపడనిది ఏముండాదిలే. మేకొస్తాది, పందికొక్కొస్తాది, బొద్దింకా వస్తాది" అన్నాడు.

సుంకులు చేతిలో కుంచె ఆగిపాయె.

"నాయనా, నాకు పంపిన నూలుకు గంజి పెట్టినావా?"

"పెట్టకుండా పంపుతానా? ఉప్పు నీళ్ళంటివి గదా, చివికిపోతాదని రెండు మార్లు పెట్టినా" అన్నాడు. ఆ మనిషి మొగంలో ఎంత సంతోషమో.

పిల్ల ఇంట్లోకి పోయి రెండు పోగులు తీసుకుంది, గంజిది ఒకటి, ఉత్తది ఒకటి. కాలవ కింద వరిమడి గట్టుకు పోయి, ఎండ్రకాయ బొక్క ముందర పుల్ల నాటి రెండూ దానికే కట్టి, దూరంగా కూచుంది. ఎండ నెత్తికెక్కింది. గట్టు మీద పోయేవాళ్ళు "ఏమ్మే, పట్నం చదువుకు పోయి ఎండ్రకాయలకు గాలం ఏస్తాండావా" అని ఎక్కిరించినారు. మద్యాన్నానికి ఎండ్రకాయ బయటికి వచ్చింది. ఉత్త పోగును తాకి వదిలేసింది. గంజి పోగును కొండితో పట్టుకొని, తుంచి, బొక్కలోకి లాక్కొని పాయె.

ఆ పిల్ల ఆడనే మొగం కప్పుకొని కూచుండిపోయింది. నిజం చెప్తే తన చేత్తోనే పని పాడైనట్ల, సీటు పోతాది. చెప్పకపోతే ఎవురికీ తెలియదు. నూకాలు వాళ్ళకు తప్ప ఎవురికీ నష్టం లేదు.

ఇంటికి వచ్చి నాయనకు మాత్రం చెప్పింది. సిద్దప్ప మగ్గం గుంటలో కూచొనే, పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడెను తీసి పక్కన పెట్టినాడు.

"నా గంజి నీ చదువును తినె గదమ్మా" అన్నాడు.

"గంజి కాదు నాయనా. నా నోరు తినింది, ఆడోళ్ళ కూడు."

ఆయప్ప లేచి, ఒక చిలప నూలు తీసి చేతిలో పెట్టినాడు. "దీనికి ఏమీ పెట్టలేదు. ఉత్తది" అన్నాడు.

మరుసటి దినం ఆదోని పోయింది. కాలేజీలో పిల్లలు కూచొని ఉండారు. సంచిలో రాసి తెచ్చుకున్న కాయితాలు ఉండాయి, అన్నీ ఇంగిలీషు మాటలే. అది చదివితే పిల్లోళ్ళు అరగంటలో నిద్ర పోయేవాళ్ళు. సుంకులు వాటిని బయటికి తీయలేదు. "మా నాయన నూలుకు గంజి పెడతాడు" అని మొదలుపెట్టింది. బురద చెప్పింది, ఊపిరి వేర్లు చెప్పింది, మేక సంగతి చెప్తే పడీపడీ నవ్వినారు. ఎండ్రకాయ దారం లాక్కొని పోయిన కాడ గూడా నవ్వినారు. ఆడోళ్ళ మీద రాసిచ్చిన కాయితం కాడికి వచ్చేసరికి ఒక్కరూ నవ్వలేదు.

వెనక వరసలో ఒక పిల్ల లేచింది, కైరుప్పల ఊరి పిల్లంట. "అక్కా, ఈ మాట ఆ ఆడోళ్ళకు చెప్పినారా?"

"ఇంకా లేదమ్మా."

"మరి మాకెందుకు చెప్తాండారు?"

సేతుమాధవరావు సారు "కూచో కూచో" అన్నాడు. సుంకులు "ఉండనీండి సార్, ఆ పాప సరిగ్గానే అడిగింది" అనింది. నమస్కారం పెట్టి, అటునుంచి అటే ఆదోని స్టేషన్‌కు పోయి రైలెక్కింది.

కాకినాడ పక్కన పల్లెకు పోయేసరికి నూకాలు గుడిసె ముందర పాత వల కుట్టుకుంటాంది. నిలబడే చెప్పింది సుంకులు, ఒక్క ముక్క దాచకుండా. నూకాలు సూది ఆపలేదు.

"పీతలు గంజి తింతాయని మా సంటిపిల్లకీ తెలుసు. మేం ఎరకి అన్నం ముద్దే కడతాం. నన్నడిగితే చెప్పేదాన్ని కదమ్మా. అడిగావా?"

"అడగలేదు."

"అదే మరి."

అంతకుమించి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండు అని సుంకులు ఎన్నో యేండ్లు అనుకునింది.

పెద్దసారుకు కొత్త కాయితం రాసిచ్చింది, తప్పు ఆడోళ్ళది కాదు నాది అని. ఆయన కోపంతో సీటు తీసేసి ఇంకొకరికి ఇచ్చినాడు. ఆడోళ్ళను అడవిలోకి వదిలినారు. సుంకులు మాత్రం ఆ చోటు విడవలేదు. వేరేవాళ్ళ పరిశోధనకు నీళ్ళల్లో ఉప్పు కొలిచే పనికి కుదిరి రెండేండ్లు చేసింది. నాయన ఇచ్చిన ఉత్త నూలుతో తన మొక్కలకు తనే మళ్ళ గుర్తులు కట్టుకుంది. ఈ మారు ఏ మొక్క యాడ బతుకుతాదో నూకాలును అడిగి కట్టింది. నూకాలు మొదట్లో వేలితో చూపించేది, నోటితో చెప్పేది కాదు. నోరు విప్పేదానికి ఒక వానాకాలం పట్టింది. ఆ లెక్కలతో మళ్ళ సీటు సంపాయించి చదువు ముగించేసరికి ఎనభైయేడు వచ్చింది, తనతో చేరినవాళ్ళు అప్పటికే సార్లయి ఉండారు.

ఆ తర్వాత పత్రికల్లో మడ అడవుల గురించి తెలుగులో రాసింది, రేడియోలో మాట్లాడింది. రొయ్యల చెరువులకని మడ కొట్టేస్తాంటే పల్లె పల్లెకూ పోయి చెప్పింది. యాడికి పోయినా ముందు కూచొని వాళ్ళ మాట వినేది, తర్వాతనే తన మాట చెప్పేది.

ఇదీ సుంకులు సంగతి. గుర్తు పెట్టుకోండి, రేపు మీరూ ఎవరికన్నా చెప్పాల. ఎండ్రకాయ ముక్క చెప్తే అందరూ నవ్వుతారు, ఆడనే ఆపేయాలనిపిస్తాది. ఆపొద్దు. నూకాలు వాళ్ళ మీద నింద పడిన ముక్కా చెప్పండి, అడగకుండా రాసిన కాయితం ముక్కా చెప్పండి. అవి వదిలేసి చెప్పేదుంటే అసలు చెప్పనే వద్దు.