కానుకల వేళ వాయించిన బాణీ

జూన్ రెండో ఆదివారం ఉదయం 10 గంటల 40 నిమిషాలకు, బోధన్ శివారులోని ఒక మెథడిస్టు చర్చిలో మేరీ కీబోర్డు వాయించడం ఆపింది. సంఘం పాడటం ఆపలేదు.

వాళ్లు పాడుతున్నది చర్చి పాటల పుస్తకంలో లేదు. ఆ బాణీకి మాటలు ఉన్నాయని మేరీకి అప్పటిదాకా తెలియదు. ఆమె దాన్ని ఒక జపాన్ యానిమే బొమ్మల సిరీస్‌లో విన్నది. సముద్రం ఒడ్డున రైల్వే స్టేషన్‌లో పనిచేసే అక్కాచెల్లెళ్ల కథ అది. పదకొండో ఎపిసోడ్‌లో చెల్లెలు ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తుంటే పియానో మీద ఈ బాణీ వస్తుంది. పాట ఉండదు.

మేరీకి ఇరవై మూడేళ్లు. నిజామాబాద్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. రోజూ బోధన్ నుంచి బస్సులో పోయి వస్తుంది. దారిలో యానిమే సంగీతం వింటుంది. ఆమె ఫోన్‌లో అలాంటివి నలభై ఒకటి ఉన్నాయి. కానుకల సంచి బెంచీలన్నీ తిరిగి రావడానికి చర్చిలో మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాల్లో ఐదు నెలలుగా ఆమె ఈ బాణీ మొదటి భాగం వాయిస్తోంది. రెండో భాగానికి టైము చాలదు.

పుస్తకంలో లేనిది ఆరాధనలో వాయించకూడదని అక్కడ నియమం. రెండేళ్ల కిందట, అప్పట్లో కీబోర్డు వాయించే రాజ్ కిరణ్ ఒక సినిమా పాట వాయిస్తే, పాటల బృందం పెద్ద జయరాజ్ అతణ్ని కీబోర్డు దగ్గర నుంచి లేపేశాడు. జయరాజ్ చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. కీబోర్డు పెట్టే బీరువా తాళం అతని దగ్గరే ఉంటుంది. మేరీ ఇంట్లో కీబోర్డు లేదు. ఆ కుర్చీ పోతే ఆమెకు వాయించడానికి ఇంకో చోటు లేదు.

ఆరాధన అయ్యాక వరండాలో జయరాజ్ పుస్తకం తెరిచాడు.

"నంబరెంత బిడ్డా?"

"నంబర్ లేదు తాత."

"అందరు పాడిండ్రు. నంబర్ లేకుంట ఎట్ల ఉంటది? పాత పుస్తకంల ఉండొచ్చు."

ఇంటికి పోయి పాత పుస్తకం తెచ్చాడు. అందులోనూ దొరకలేదు.

మహారాష్ట్రలోని ధర్మాబాద్ నుంచి వచ్చి స్థిరపడిన తుకారాం అందుకున్నాడు. "గది మరాఠీ భజన. మా కాక పాడుతుండె."

"ఏదీ, పాడు మరి."

"గొంతు బాగలేదు."

"మూడేండ్ల సంది నీ గొంతు గట్లనే ఉంది" అన్నాడు జయరాజ్.

గోడకు ఆనుకుని నిలబడ్డ రాజ్ కిరణ్ ఫోన్ తీశాడు. "ఏ పుస్తకంల సూసినా దొరకది. గిది జపానోళ్ల బొమ్మల సీరియల్ ట్యూన్. నేనూ సూస్తా. నాది సినిమా పాటని లేపిండ్రు కదా, మరి మేరీది ఏంది?"

ఫోన్‌లో బాణీ పెట్టాడు. అందరూ విన్నారు. అదే బాణీ.

"మన పాట గాళ్లకెవరు సెప్పిండ్రు?" అంది గంగమ్మ.

ఒకరిద్దరు నవ్వారు. గంగమ్మ నవ్వలేదు. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. చెరుకు కొట్టే కూలి చేసింది. ఆ రోజు పాట ఎత్తుకున్నది ఆమే.

"గంగమ్మక్కా, మాటలెక్కడివి?" అని జయరాజ్ అడిగాడు.

"మా అవ్వ చెరుకు కొట్టుకుంట పాడేది. ఈ పిల్ల వాయించబట్టినంక నేను నోట్లనే పాడుకుంటున్న. నా పక్కనోళ్లు నేర్సుకున్నరు. ఇయ్యాల బయటికొచ్చింది."

"మొత్తం వస్తదా?"

ఆమె పాడింది.

*వట్టి చేతుల వస్తిని తండ్రీ*
*గట్టిగ పట్టుకో నన్ను తండ్రీ*

అక్కడితో మొదటి భాగం అయిపోయింది. రెండో భాగం మేరీ చర్చిలో ఎప్పుడూ వాయించలేదు. గంగమ్మ దాన్నీ పాడింది. నాలుగు పాదాలు. రాజ్ కిరణ్ ఫోన్‌లో రెండో భాగం పెట్టాడు. మొదటి రెండు పాదాలు కలిశాయి. మూడో పాదం దగ్గర ఫోన్‌లో బాణీ పైకి పోయింది, గంగమ్మ కిందికి దిగింది. మూడుసార్లు చూశారు. మూడుసార్లూ అంతే.

సిరీస్ వచ్చింది 2019లో. గంగమ్మ అవ్వ, అంటే తల్లి, పోయింది 1981లో.

జయరాజ్ రెండు పుస్తకాలూ మూశాడు. తర్వాత మేరీని పిలిచాడు.

"వచ్చే ఆదివారం మొత్తం పాడుదాం. గంగమ్మక్క పాడినట్టు వాయిస్తే గది మన పాట. ఫోన్‌ల ఉన్నట్టు వాయిస్తే, రాజ్ కిరణ్‌కు ఏం చేసిననో నీకూ గదే."

"తాత, కిందికి దిగితే అది ఆ ట్యూన్ కాదు."

"గందుకే చెప్తున్న."

సోమవారం నుంచి శనివారం దాకా బస్సులో మేరీ వేరే ఏదీ వినలేదు. మూడో పాదం వచ్చినప్పుడల్లా వెనక్కి తిప్పి విన్నది. గురువారం బోధన్ బస్టాండ్‌లో రాజ్ కిరణ్ కనిపించాడు.

"అన్నా, ఏది ముందు?"

"2019 ముందా, 1981 ముందా? నువ్వే చెప్పు."

"అట్లయితే ఆ జపానోళ్లు ఇక్కడికొచ్చి విన్నరా?"

"పోచంపాడ్ డ్యాం సూడనీకి వచ్చిండ్రేమో."

"మజాక్ చేయకన్నా."

"మరేం చెప్పాలె? నాకూ తెల్వది."

శనివారం సాయంత్రం ఆమె గంగమ్మ ఇంటికి పోయింది. మూడో పాదం దగ్గర ఎందుకు దిగుతావని అడిగింది.

"చెరుకు మోపు దించేటప్పుడు పాడేది గది" అంది గంగమ్మ. "నెత్తి మీది మోపు దించుకుంట పైకెట్ల పాడుతవ్?"

జూన్ మూడో ఆదివారం 10 గంటల 37 నిమిషాలకు కానుకల సంచి బయల్దేరింది. జయరాజ్ కీబోర్డు పక్కన నిలబడ్డాడు. సంచి తిరిగి వచ్చినా పాట ఆపొద్దని ముందే చెప్పాడు. మొదటి భాగం అయింది. రెండో భాగంలో రెండు పాదాలు అయ్యాయి. మూడో పాదానికి మేరీ కిందికి వాయించింది.