నీళ్ళ మీద పలకని పేరు

ఎర్ర సముద్రం గొంతులాంటి ఇరుకుదారి దగ్గర ఉంది ఆ దీవి. నిప్పులు కక్కి చల్లారిన నల్లకొండ, తాగుదామంటే చుక్క నీరుండదు. అయినా అక్కడ ఒక్క ఫిరంగి పెట్టినవాడికి వచ్చే పోయే ఓడలన్నీ సలాం కొట్టాల్సిందే. అందుకే ఇంగ్లీషు కెప్టెన్ హార్‌గ్రీవ్ పటం గీయించడానికి వచ్చాడు. రాళ్ళ మధ్య ఓడకు దారి చూపడానికి దీవివాడైన సాల్మీన్‌ను పెట్టుకున్నాడు. సాల్మీన్‌కు తోడుగా బావమరిది ఉబైద్ కూడా ఎక్కాడు.

పటం గీయడం పూర్తయ్యాక కెప్టెన్ ఓడ మీదే కలం సిరాలో ముంచి, వచ్చీరాని అరబ్బీలో అడిగాడు.

"మీ దీవి పేరు చెప్పవయ్యా."

సాల్మీన్ తల అడ్డంగా ఊపాడు. దీవివాళ్ళు నీళ్ళ మీద ఉండగా తమ ఊరి పేరెత్తరు. ఎత్తినవాడు మళ్ళీ ఇల్లు చేరడని తాతలనాటి మాట.

"ఒడ్డుకు రండి దొరా. కాఫీ తాగుతూ చెప్తా."

"నాకంత తీరిక లేదు. చెప్పకపోతే మా అత్తగారి పేరు పెట్టేస్తా. మటిల్డా దీవి! ఆవిడకూ కోపమొస్తే నిప్పులే."

ఉబైద్ కిసుక్కున నవ్వాడు. "మా అక్క పేరు పెట్టమను బావా. నిప్పులు కురిపించడంలో ఆవిడేం తక్కువ?"

సాల్మీన్‌కు నవ్వు రాలేదు. అమ్మానాన్నలను పూడ్చిన నేల అది. రేపటినుంచి వాళ్ళు ఎవరో దొరసాని దీవిలో పడుకోవాలా? కలం కాగితం మీదికి వంగగానే తలపాగా తీసి ఉబైద్ చేతిలో పెట్టి, దభీమని సముద్రంలోకి దూకాడు.

"ఓరి నీ దుంపతెగ! ఓడకు దారెవడు చూపిస్తాడు?" అని కెప్టెన్ లబోదిబోమన్నాడు. ఉబైద్‌కు తెడ్డు వేయడమే గానీ దారి తెలియదు.

సాల్మీన్ ఈదుకుంటూ పోయి ఒడ్డెక్కి, రెండు కాళ్ళూ నేలకు ఆన్చి, గుండెల నిండా ఊపిరి పీల్చి అరిచాడు.

"సుహైరా! రాసుకో దొరా, సుహైరా! రాసింది చదివి వినిపించు. నాకా చదువు రాదు. వినేదాకా ఓడెక్కను."

కెప్టెన్‌కు గత్యంతరం లేకపోయింది. రాశాడు. ఓడ అంచున నిలబడి గొంతెత్తి చదివాడు. "సుహైరా!"

ఉబైద్ గబుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు. సాల్మీన్ మాత్రం కళ్ళప్పగించి నిలబడిపోయాడు. బుద్ధెరిగాక తన ఊరి పేరు సముద్రం మీదినుంచి వినపడటం అదే మొదలు. సంతోషం పట్టలేక అక్కడే ఏడ్చేశాడు.

"బావా, నీళ్ళ మీద పేరెత్తేశాడు! పాపం, దొర ఇక ఇల్లు చేరడా?" అని ఉబైద్ ఓడమీదినుంచి కేకేశాడు.

సాల్మీన్ ముక్కు తుడుచుకుని నీళ్ళలోకి దిగాడు.

"ఎందుకు చేరడురా? ఇది ఆయన ఊరు కాదుగా!"